ఇంజన్ ఆయిల్ మార్పించడానికి షోరూమా, బయట మెకానిక్కా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఆరేళ్ల పెట్రోల్ కారు, వారంటీ అయిపోయింది. షోరూమ్‌లో మామూలు సర్వీస్‌కి తొమ్మిది వేలు దాటింది. కాలనీ మెకానిక్ అదే పని మూడున్నర వేలల్లో చేస్తానంటున్నాడు. షోరూమ్ వాళ్లు ఆయిల్ మార్చకుండానే మార్చామంటారని మీ స్నేహితులు, బయట డూప్లికేట్ ఆయిల్ పోస్తారని మీ మావయ్య చెబుతున్నారు. ఎవరిని నమ్మాలని అడిగారు.

నేను షోరూమ్ వర్క్‌షాప్‌లో మెకానిక్‌గా మొదలుపెట్టి, ఫ్లోర్ సూపర్‌వైజర్‌గా చేసి, చాలాకాలంగా విజయవాడ ఆటోనగర్‌లో సొంత గ్యారేజీ నడుపుతున్నాను. రెండు వైపులా లోపల పని ఎలా జరుగుతుందో చూశాను కాబట్టి కొంచెం పొడుగ్గానే చెబుతాను.

ముందు సూటిగా జవాబు. ఆయిల్ డబ్బా సీలు మీ ముందు తీసి (షోరూమ్‌లో డ్రమ్ము నుంచి పోస్తే గన్ మీటరు చూపించి), విప్పిన పాత ఫిల్టర్ చూపించి, చివర్లో ఆయిల్ కొలిచే గేజ్ లాగి లెవల్ చూపించే చోట చేయించుకోండి. ఈ మూడూ చూపించమంటే మొహం చిట్లించే చోటికి, అది ఏసీ లాంజ్ ఉన్న షోరూమ్ అయినా రేకుల షెడ్డు అయినా, మళ్లీ వెళ్లకండి. ఇక్కడ మోసం జరిగితే మూడు వేలో నాలుగు వేలో పోవడంతో ఆగదు. ఇంజన్ పోతే లక్షల్లో ఉంటుంది. అందుకే దీన్ని నేను చిన్న విషయంగా తీసుకోలేను.

షోరూమ్ సంగతి చూద్దాం. ఆయిల్ అసలు మార్చకుండానే బిల్లు వేయడం జనం అనుకునేంత తరచుగా జరగదు. చాలా షోరూమ్‌లలో ఆయిల్ రెండు వందల లీటర్ల డ్రమ్ముల్లో వస్తుంది, మీటరున్న గన్‌తో ఇంజన్‌లో పోస్తారు. బండికి చేయాల్సిన పనులు రాసే జాబ్ కార్డు నంబరు మీద స్టోర్స్ నుంచి ఇష్యూ చేస్తారు, నెలాఖరుకి స్టాకు లెక్క చూస్తారు. మూడు లీటర్ల ఆయిల్ మిగుల్చుకోవాలంటే మెకానిక్, స్టోర్స్ మనిషి, కౌంటర్ దగ్గర మీతో మాట్లాడే సర్వీస్ అడ్వైజర్ ముగ్గురూ కలవాలి. అంత తంటా పడి సంపాదించేది ఏమీ ఉండదు. ఎక్కడా జరగదని అనడం లేదు, కానీ మీరు ముందు భయపడాల్సింది దానికి కాదు.

భయపడాల్సింది హడావుడికి. సంక్రాంతికి, దసరాకి ముందు వారం, మామూలు రోజుల్లో అయితే శనివారం, వర్క్‌షాప్ ఫ్లోర్ మీద ఊపిరి ఆడదు. సాయంత్రానికి బండ్లన్నీ డెలివరీ అయిపోవాలి. ఐటీఐ నుంచి ట్రైనీలుగా వచ్చిన కుర్రాళ్లు లిఫ్టు కింద ఉంటారు. వేడి ఇంజన్ నుంచి పాత ఆయిల్ పూర్తిగా కారాలంటే పది, పదిహేను నిమిషాలు వదిలేయాలి. ధార కాస్త సన్నబడగానే బోల్టు బిగించేస్తే మురికి ఆయిల్ కొంత ఛాంబర్‌లోనే, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోనే, ఉండిపోతుంది. దాని మీద లెక్క ప్రకారం కొత్త ఆయిల్ పోస్తే లెవల్ మ్యాక్స్ గీత దాటుతుంది. ఛాంబర్ బోల్టు వాషర్ మార్చరు. ఫిల్టర్ చెయ్యి అందని మూల ఉంటే దాన్ని అలాగే వదిలేసే వాళ్లనూ చూశాను. చివర్లో ఇన్‌స్పెక్షన్ షీట్ మీద మాత్రం అన్ని గడుల్లో టిక్కులు పడతాయి.

మా గ్యారేజీకి ఒక కారు వచ్చింది, సర్వీస్ చేయించిన మర్నాడే పార్కింగ్‌లో ఆయిల్ మడుగు. విప్పి చూస్తే ఫిల్టర్‌కి రెండు రబ్బరు రింగులు! పాత ఫిల్టర్ విప్పినప్పుడు దాని రింగు ఇంజన్‌కి అతుక్కుని ఉండిపోయింది, చేత్తో తడిమి చూడకుండా దాని మీదే కొత్తది బిగించేశారు. హైవే మీద ఆ రింగు జారి ఉంటే కొద్ది నిమిషాల్లో ఆయిల్ మొత్తం బయటికి కొట్టేసేది, ఇంజన్ పట్టేసేది. ఇందులో దురుద్దేశం ఏమీ లేదు. ఒక మనిషికి పది నిమిషాల టైమ్ ఇవ్వకపోవడం వల్ల వచ్చిన ప్రమాదం. అందుకే నా మాట వినండి, ఎక్కడ చేయించినా మంగళవారమో బుధవారమో పొద్దున్నే, మొదటి స్లాట్‌లో వెళ్లండి. ఆ ఒక్క పనితో సగం తప్పులు తగ్గుతాయి.

షోరూమ్‌లో డబ్బు పోయేది బిల్లులో. సర్వీస్ అడ్వైజర్‌కి నెల నెలా టార్గెట్ ఉంటుంది. వాల్యూ యాడెడ్ సర్వీసెస్ అంటారు, ఫ్లోర్ మీద అందరూ పొట్టిగా వ్యాస్ అనే పిలుస్తారు. ఇంజన్ ఫ్లష్, ఇంజన్ కోటింగ్, ఆయిల్ అడిటివ్, ఫ్యూయల్ సిస్టమ్ క్లీనర్, ఏసీ డిసిన్‌ఫెక్టెంట్, అండర్ బాడీ కోటింగ్, ఇంటీరియర్ ఎన్‌రిచ్‌మెంట్, ఇలా ఒక్కోటి ఐదు వందల నుంచి రెండు మూడు వేల దాకా. మీ తొమ్మిది వేల బిల్లు తీసి చూడండి, ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, వాషర్, లేబర్ కలిపితే సగం కూడా ఉండకపోవచ్చు. మీ కారు మాన్యువల్‌లో సర్వీస్ షెడ్యూల్ పట్టిక ఉంటుంది. అందులో ఇన్ని కిలోమీటర్లకు ఇది మార్చాలి, ఇది చెక్ చేయాలి అని వరుసగా రాసి ఉంటుంది. ఫ్లష్, అడిటివ్ లాంటివి మామూలుగా అందులో కనిపించవు. కంపెనీ ఇంజనీర్లే అవసరమని రాయని వస్తువును కౌంటర్ దగ్గర నిలబడి ఒప్పుకోవాల్సిన పని లేదు.

అడ్వైజర్‌తో గొడవ పడనక్కర్లేదు, ఆయన ఉద్యోగం ఆయనది. జాబ్ కార్డు తెరిచేటప్పుడే "మాన్యువల్‌లో ఈ కిలోమీటర్లకు ఏముందో అంతవరకే చేయండి, ఇంకేదైనా కావాలంటే నాకు ఫోన్ చేసి, నేను సరే అన్నాకే చేయండి" అని చెప్పి, ఆ మాట కార్డు మీద రాయించండి. ఎస్టిమేట్ కాపీ తీసుకోండి. సంతకం పెట్టే ముందు చదవండి, చాలాసార్లు అడగకుండానే రెండు వ్యాస్ లైన్లు ముందే ఎక్కించి ఉంటాయి. కొత్త కారు ఫ్రీ సర్వీస్ అయినా ఉచితం లేబర్ ఒక్కటే, ఆయిల్ మారిస్తే ఆయిల్, ఫిల్టర్ డబ్బులు కట్టాల్సిందే. బిల్లులో ఆయిల్ ఎన్ని లీటర్లు వేశారో కూడా చూడండి. మన చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి ఫిల్టర్‌తో కలిపి మూడు లీటర్ల చిల్లర పడుతుంది, పాత ఇన్నోవా లాంటి పెద్ద డీజిల్‌కి ఏడు లీటర్ల దాకా. మీ ఇంజన్‌కి ఎంతో మాన్యువల్‌లో పాయింట్లతో సహా ఉంటుంది. దానికీ బిల్లుకీ అర లీటరు తేడా ఉంటే మర్యాదగా అడగండి.

ఇప్పుడు బయట మెకానిక్. ఇక్కడ బిల్లు భయం తక్కువ, ఆయిల్ భయం ఎక్కువ. పేరున్న కంపెనీల ఖాళీ డబ్బాలు పాత సామాన్ల వాళ్లు మామూలు ప్లాస్టిక్ కంటే ఎక్కువ రేటుకు కొంటారు. ఆ డబ్బాల్లో శుద్ధి చేసిన పాత ఆయిల్‌కి రంగు కలిపి నింపి, కొత్త మూత బిగించి అమ్మేవాళ్లు ఉన్నారు, అప్పుడప్పుడూ పోలీసులకు దొరుకుతూనే ఉన్నారు. ఇందులో బాధ ఏమిటంటే చాలామంది మెకానిక్‌లకు తాము పోసేది నకిలీ అని తెలియదు. షాపువాడు డబ్బాకి రెండు వందలు తగ్గిస్తే తెచ్చుకుంటారు. ఇక బయట షెడ్డుల్లో డ్రమ్ము నుంచి కొలిచి పోసే లూజ్ ఆయిల్ అయితే అందులో ఏముందో ఎవరూ చెప్పలేరు. మీ కారులో పోయనివ్వకండి.

దీనికి మందు ఉంది. ఆయిల్, ఫిల్టర్ మీరే కొనుక్కుని వెళ్లండి. మీ కార్ కంపెనీ ఒరిజినల్ స్పేర్స్ కౌంటర్‌లోనో, ఆయిల్ కంపెనీ అధికారిక డీలర్ దగ్గరో, పెట్రోల్ బంకులోనో జీఎస్టీ బిల్లుతో తీసుకోండి. మూత కింద రేకు సీలు, డబ్బా మీద తయారీ నెల, బ్యాచ్ నంబరు చూడండి. చాలా బ్రాండ్లకు ఇప్పుడు స్కాన్ చేసే కోడ్ ఉంది. మెకానిక్‌కి ముందే చెప్పండి, "ఆయిల్ నేను తెచ్చుకుంటాను, లేబర్ మీరు చెప్పినంత ఇస్తాను" అని. ఆయిల్ మీద వచ్చే నాలుగు రూపాయలు ఆయనకు పోతాయి కాబట్టి లేబర్ దగ్గర బేరం ఆడకండి, అది న్యాయం కాదు. పని అయ్యాక ఖాళీ డబ్బాకి మీరే స్క్రూ డ్రైవర్‌తో రెండు పోట్లు పొడవండి. మీ ఇంట్లోంచి వెళ్లిన డబ్బా ఇంకొకరి ఇంజన్‌ని పాడు చేయకుండా ఉంటుంది. డబ్బాలో మిగిలిన పావు లీటరో అర లీటరో అక్కడ వదిలేయకండి. మూత బిగించి ఇంటికి తెచ్చుకోండి, టాప్ అప్‌కి పనికొస్తుంది.

బయట జరిగే రెండో తప్పు గ్రేడ్, అంటే ఆయిల్ చిక్కదనం. "మన ఎండలకి ఈ పలచటి ఆయిల్ నిలవదు సార్, చిక్కటిది పోద్దాం" అని మంచి మెకానిక్‌లు కూడా అంటారు. మంచి మనసుతోనే అంటారు, కానీ లెక్క తప్పు. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే మొదటి అంకె చలిలో ఆయిల్ ఎలా పారుతుందో చెబుతుంది, రెండోది వంద డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని చిక్కదనం ఏ కోవలోకి వస్తుందో చెబుతుంది. నడిచే ఇంజన్ ఉష్ణోగ్రతను థర్మోస్టాట్, రేడియేటర్, ఫ్యాన్ కలిసి తొంభై డిగ్రీల చుట్టుపక్కల పట్టి ఉంచుతాయి. బయట రెంటచింతలలో మే నెల ఎండ అయినా, అరకులో డిసెంబరు చలి అయినా లోపల పెద్ద తేడా రాదు. ఇప్పటి ఇంజన్లలో ఆయిల్ దారులు సన్నవి, వాల్వ్ టైమింగ్ కూడా ఆయిల్ ప్రెషర్ మీదే నడుస్తుంది. అందుకే కంపెనీలు 0డబ్ల్యూ-20, కొన్ని కొత్త పెట్రోల్ ఇంజన్లకు 0డబ్ల్యూ-16 కూడా రాస్తున్నాయి. అలాంటి ఇంజన్‌లో లారీలకు వాడే 15డబ్ల్యూ-40 పోస్తే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పై భాగాలకు ఆయిల్ ఆలస్యంగా అందుతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది. మాన్యువల్‌లో ఉన్న గ్రేడ్ కంటే పలచటిది వద్దు, మెకానిక్ అలవాటు కొద్దీ చెప్పే చిక్కటిదీ వద్దు.

డీజిల్ కార్లున్న వాళ్లు ఇంకాస్త జాగ్రత్త. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ కార్లలో పొగ గొట్టంలో మసిని పట్టి ఆపే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. వాటికి తక్కువ బూడిద వదిలే ఆయిల్ కావాలి, డబ్బా మీద ఏసీఈఏ (యూరప్ ఆయిల్ ప్రమాణం) సీ2, సీ3 లాంటి గుర్తు ఉంటుంది, మీ బండికి ఏదో మాన్యువల్ చెబుతుంది. పాత రకం ఆయిల్ పోస్తే ఆ బూడిద డీపీఎఫ్‌లో పేరుకుంటుంది. మసి అయితే కాలిపోతుంది, బూడిద కాలదు. డీపీఎఫ్ మార్చాలంటే ఎంతవుతుందో ఒకసారి కనుక్కోండి, ఆయిల్‌లో మిగిల్చిన వెయ్యి రూపాయలు గుర్తుకు కూడా రావు. ఊళ్లో చిన్నచిన్న తిరుగుళ్లకే వాడే బీఎస్6 డీజిల్‌లో గేజ్ మీద లెవల్ తగ్గకపోగా పెరుగుతుంటే, మసి కాల్చడానికి పంపే డీజిల్ కొంత ఆయిల్‌లోకి దిగుతోందని అర్థం. అప్పుడు గడువు దాకా ఆగకుండా చూపించండి.

బయట జరిగే మూడో తప్పు ఛాంబర్ బోల్టు దగ్గర. చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి 30, 40 న్యూటన్ మీటర్ల బిగువు చాలు, చెయ్యి బలం అంతా పెట్టే పని లేదు. పొడుగు రాడ్డు తగిలించి బిగిస్తే అల్యూమినియం ఛాంబర్‌లో మరలు పోతాయి, తర్వాత ఎంత బిగించినా చుక్క కారుతూనే ఉంటుంది. బిగువు కొలిచి బిగించే టార్క్ రెంచ్ ఉన్న షెడ్డు కనిపిస్తే ఆ మెకానిక్ ఫోన్ నంబరు దాచుకోండి.

మీరే ఎలా చూసుకోవాలో చెబుతాను. సర్వీస్‌కి ఇచ్చే ముందు రోజు చదునైన చోట బండి ఆపి, ఇంజన్ ఆఫ్ చేసిన ఐదు, పది నిమిషాలకు గేజ్ లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీసి ఫోటో తీసుకోండి. పాత ఫిల్టర్ కంటికి కనబడే చోట ఉంటే దాని మీద మార్కర్‌తో చిన్న గుర్తు పెట్టండి. మా గ్యారేజీలో అయితే కొత్త ఫిల్టర్ మీద తేదీ, కిలోమీటర్లు రాసి బిగిస్తాం, మీ మెకానిక్‌ని కూడా రాయమనండి. బండి తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే, గేటు దాటకముందే మళ్లీ గేజ్ చూడండి. పెట్రోల్ కారైతే ఆయిల్ లేత తేనె రంగులో, గేజ్ మీద ఎక్కడిదాకా ఉందో సరిగ్గా కనబడనంత తేటగా ఉండాలి. డీజిల్‌లో మాత్రం రంగు చూసి తీర్పు చెప్పకండి, లోపల మిగిలిన మసి వల్ల కొత్త ఆయిల్ కూడా కాసేపట్లోనే నల్లబడుతుంది. నల్లగా ఉందని మెకానిక్‌ని దొంగ అని తిట్టిన వాళ్లను చూశాను, పాపం ఆయన తప్పేమీ లేదు.

లెవల్ రెండు గీతల మధ్య, మ్యాక్స్‌కి కాస్త కింద ఉంటే చక్కగా ఉన్నట్టు. పైకి దాటి ఉంటే "కొంచెం ఎక్కువుంటే మంచిదే సార్" అంటారు. మంచిది కాదు. తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌కి తగిలి నురగ చేస్తుంది. నురగ బేరింగులను కాపాడలేదు. ప్రెషర్ పెరిగి సీళ్లు కారతాయి, ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ దారిలో ఆయిల్ గాలి పీల్చుకునే ఇన్‌టేక్‌లోకి పోతుంది. అక్కడే తీయించండి. ఇంటికెళ్లాక రాత్రి కారు కింద ఒక అట్టముక్క పరిచి పొద్దున్నే చూడండి. ఒక్క చుక్క ఉన్నా వెంటనే ఫోన్ చేయండి. సర్వీస్ చేయించిన రోజే తిరుపతికో హైదరాబాద్‌కో బయలుదేరకండి, రెండు రోజులు ఊళ్లో తిప్పి, మళ్లీ లెవల్ చూసి వెళ్లండి.

మా ఆటోనగర్‌లో టాక్సీ డ్రైవర్లు ఎవరిని నమ్మాలి అని అడగరు. డబ్బా తెచ్చుకుని ర్యాంపు పక్కనే నిలబడి ఆఖరి చుక్క దాకా చూసి వెళ్తారు. బండి వాళ్లకు అన్నం పెడుతుంది. సొంత కార్ల వాళ్లు మాత్రం తాళం ఇచ్చేసి లాంజ్‌లో కూర్చుంటారు. నిలబడి చూస్తే మెకానిక్ నొచ్చుకుంటాడేమోనని మొహమాటపడకండి. పని తెలిసినవాడు చూసేవాళ్లుంటే సంతోషిస్తాడు. కొన్ని షోరూమ్‌లలో ఇన్సూరెన్స్ కారణం చెప్పి ఫ్లోర్ మీదికి రానివ్వరు, అక్కడ అద్దం వెనక గ్యాలరీ ఉంటుంది, లేదా వీడియో పంపమనండి.

వారంటీ ఉన్నవాళ్లకు నా సలహా వేరు. 2014 ఆగస్టు 25న, వ్యాపారంలో పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. బయటి గ్యారేజీలకు స్పేర్లు, రిపేర్ సమాచారం అందకుండా చేస్తున్నారన్నది కేసు. బయట రిపేర్ చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టవద్దని కూడా అందులో చెప్పింది. కంపెనీలు దాని మీద అప్పీళ్లకు వెళ్లాయి. ఇదంతా తెలిసినా, వారంటీ, ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉన్నంతకాలం షోరూమ్‌లోనే, టైమ్‌కి చేయించండి అంటాను. రేపు ఇంజన్‌లో ఏదైనా వస్తే సర్వీస్ హిస్టరీ కంప్యూటర్‌లో ఉందా లేదా అనే మొదట చూస్తారు. హక్కు మీదే అయినా దాని కోసం కారు లేకుండా నెలల తరబడి తిరిగే ఓపిక అందరికీ ఉండదు.

బైకుల గురించి ఒక్క మాట. గేర్ల బైకులో చాలావాటికి క్లచ్ కూడా ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. కారు ఆయిల్ మిగిలింది కదా అని అందులో పోయకండి, క్లచ్ జారుతుంది. డబ్బా మీద జేఏఎస్ఓ (జపాన్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి.

పని చెడితే ఏం చేయాలి? బిల్లు ఉంటేనే ఏదైనా చేయగలరు. బిల్లు లేకుండా అయితే 18 శాతం జీఎస్టీ తగ్గిస్తామని ఆశ పెడతారు, ఒప్పుకోకండి. ఫోటోలతో సహా ముందు వర్క్స్ మేనేజర్‌కి, తర్వాత కంపెనీ కస్టమర్ కేర్‌కి ఈమెయిల్‌లో రాయండి. సర్వీస్ తర్వాత ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తుంది కదా, "పదికి పది చెప్పండి సార్" అని అడ్వైజర్ బతిమాలుతాడు. నిజం చెప్పండి. ఆ స్కోరు కంపెనీ దాకా పోతుంది, కౌంటర్ దగ్గర అరిచిన దానికంటే దానికే ఎక్కువ విలువ. అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయండి. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, ఐదు లక్షల లోపు చెల్లింపుకి ఫిర్యాదు ఫీజు లేదు.

మీ విషయానికొస్తే, వారంటీ లేదు, ఇంజన్ మామూలు పెట్రోల్. నేనైతే కాలనీ మెకానిక్‌కే ఒక అవకాశం ఇస్తాను. మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ ఆయిల్, ఒరిజినల్ ఫిల్టర్, కొత్త బోల్టు వాషర్ మీరే కొనండి. ఫిల్టర్ నూరూ నూటయాభై రూపాయల వస్తువు, వాషర్ అంతకంటే చాలా తక్కువ, వాటి దగ్గర పొదుపు వద్దు. మధ్య వారంలో పొద్దున్నే వెళ్లి పక్కన నిలబడండి. ఆయిల్ కారడానికి టైమ్ ఇచ్చాడా, పాత రబ్బరు రింగు తీశాడో లేదో చేత్తో తడిమాడా, కొత్త రింగుకి ఆయిల్ రాసి బిగించాడా, స్టార్ట్ చేసి ఆపి మళ్లీ గేజ్ చూశాడా. ఇవి చేస్తే ఆయిల్ పనికి షోరూమ్ వైపు చూడనక్కర్లేదు. ఏడాదికోసారి గానీ, మాన్యువల్ చెప్పిన కిలోమీటర్లకు గానీ, ఏది ముందైతే దానికి మార్పించండి. సింథటిక్ ఆయిల్‌ని కూడా ఐదు వేలకే మార్చాలని ఎవరైనా అంటే అది మినరల్ ఆయిల్ రోజుల అలవాటు. మీ తిరుగుడు అంతా ట్రాఫిక్‌లో రెండు మూడు కిలోమీటర్ల ముక్కలే అయితే మాన్యువల్‌లో కఠిన పరిస్థితుల షెడ్యూల్ అని వేరే పట్టిక ఉంటుంది, దాన్ని పాటించండి.

షోరూమ్‌తో సంబంధం పూర్తిగా తెంచుకోవద్దు. ఛాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో అప్పుడప్పుడూ రీకాల్ ఏమైనా ఉందేమో చూసుకోండి. ఉంటే ఆ పని వాళ్లే డబ్బు తీసుకోకుండా చేస్తారు, సర్వీస్ బయట చేయించుకుంటున్నా సరే.